రూతమ్మ సిస్టర్ పోసిన నూనె

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఒక కుర్రాడు సైకిలు బ్రేకులోకి సిరంజితో నూనె ఎక్కిస్తున్నాడు. సన్నని గొట్టంలో గాలిబుడగలు ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి. గుప్పుమన్న నూనె వాసనకు నా అడుగు ఆగిపోయింది. “ఏ నూనె బాబూ అది?” అన్నాను. నా కంగారు చూసి అతను సీసా తిప్పి చూపించాడు. మినరల్ ఆయిల్. సరైనదే. అయినా సీసా మీది అక్షరాలు పైకి చదివాకే లిఫ్టు వైపు నడిచాను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను భిలాయిలో నర్సుగా చేరాను. మా వార్డు పెద్ద రూతమ్మ సిస్టర్‌ది విజయనగరం వైపు. మందు సీసా మీద అక్షరాలు పైకి చదవకుండా సూది ముట్టుకుంటే ఊరుకునేది కాదు. “నీ కళ్లని నమ్మకే. నోటితో సదువు” అనేది. ఆమె దగ్గర తప్పు జరగడమన్నది మా ఊహకే అందదు. ఉక్కు ప్లాంటు పని మీద వచ్చిన విదేశీ ఇంజినీరు ఒకాయన తిరిగి వెళుతూ తన సైకిలును ఆమెకు ఇచ్చేశాడు. దానికి నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు. భిలాయిలో అలాంటి సైకిలు నేను మరొకటి చూడలేదు.

కొన్నాళ్లకు బ్రేకులు మెత్తబడ్డాయి. లోపలి పాత నూనె, గాలి తీసేసి కొత్త నూనె నింపాలి. సిరంజిలు మనకి కొత్తేటి అంటూ, సెక్టర్ ఆరులోని తన క్వార్టరు వరండాలో ఆమే కూర్చుంది. మోటారుసైకిలు సామాన్ల కొట్టు నడిపే అప్పారావు గారు ఒక సీసా ఇచ్చారు. “బ్రేకాయిలే కదా సిస్టరు, అన్నీ ఒకటే” అన్నారు. ఆ మాట మీదే రెండు బ్రేకులూ నింపేసింది. నొక్కి చూస్తే గట్టిగా, చక్కగా ఉన్నాయి.

కొద్ది రోజుల తర్వాత ఇద్దరం రైలు పట్టాల అవతలి బజారుకు బయలుదేరాం. అండర్‌బ్రిడ్జి వాలులో నా ముందు వెళుతున్న ఆమె సైకిలు ఉన్నట్టుండి వేగం అందుకుంది. “సునీతా! బ్రేకు పడట్నేదే!” అని అరిచింది. ఎదురుగా లారీ. ఆమె హ్యాండిల్ పక్కకు తిప్పి గోడను రాసుకుంటూ పడిపోయింది. లారీ ఆమె కాళ్ల పక్కనుంచే దూసుకుపోయింది. నేను నా సైకిలు పడేసి పరిగెత్తాను. ఆమె భుజం ఎముక విరిగింది.

ఆమె సైకిలు నేనే క్వార్టరుకు చేర్చాను. బ్రేకు పిడి దగ్గర నూనె కారుతోంది. మోటారుసైకిళ్ల బ్రేకాయిలు సరిపడక లోపలి రబ్బరు ఉబ్బిపోయిందని తర్వాత తెలిసింది. పిడి తుడుస్తుంటే చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: మినరల్ ఆయిల్ మాత్రమే. 

ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన అప్పారావు గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. “ఊరుకో బాబూ,” అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. “దాని మీద ఏటైనా రాసుందేటే?”

చెప్పాను. ఆమె ముఖంలో రంగు పోయింది.  “మరి నానెందుకు సదవనేదే?”

కట్టు విప్పకముందే డ్యూటీకి వచ్చి, జూనియర్లందరినీ పిలిచి నిలబెట్టింది. నూనె సంగతి, రాత సంగతి, లారీ సంగతి, ఒక్కటీ దాచకుండా హిందీలో చెప్పింది. మేం తలలెత్తలేకపోయాం. పెద్దావిడ మా ముందు అలా నిలబడడం నాకు ఆ ప్రమాదం కంటే భయంకరంగా తోచింది.

ఆ మధ్యాహ్నమే సరిత అనే కొత్త నర్సు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. “సిస్టర్, ముఝ్‌సే గల్తీ హో గయీ,” తన వల్ల తప్పు జరిగిపోయిందంది. చక్కెర జబ్బు మనిషికి సెలైన్ బదులు గ్లూకోజు సీసా ఎక్కించిందట.

“కౌన్‌సా బెడ్?” అని, ఏ బెడ్డో అడుగుతూనే రూతమ్మ సిస్టర్ పరుగు తీసింది. ఒంటిచేత్తో గ్లూకోజు ఆపి, డాక్టరును పిలిపించింది. ఆ మనిషి బతికాడు. సరితను ఆమె ఒక్క మాటా అనలేదు.

నాకు అప్పుడే తట్టింది. చేరిన నాటి నుంచి ఆ వార్డులో ఎవరూ తమ తప్పు చెప్పుకోగా నేను వినలేదు. అంటే తప్పులు జరగలేదని కాదు. మరి చెప్పకుండా మిగిలిపోయినవి ఎన్ని? ఎవరి ఒంట్లోకి పోయాయి? ఆ ఆలోచనకు పుట్టిన చలి ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు నేనూ ఒక వార్డు పెద్దను. ఏ పిల్లయినా వణుకుతూ వచ్చి తప్పు జరిగిందంటే, ఎవరు చేశారని అడగను. ఏ బెడ్ అని అడిగి, పరిగెడతాను.