ప్రభుదాసు చేత నేను చెప్పించిన సాక్ష్యం

మీ ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఈరోజు పొద్దున నడిచాడా?

అసలు మీరు అడిగారా?

నేను అడగలేదు. ఐదేళ్లకు పైగా అడగలేదు.

నిన్న పొద్దున ఏడింటికి విజయ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆయన లేవట్లేదు" అంది. అంతలో పక్కింటాయన ఫోన్ తీసుకుని, "హాస్పిటల్‌కి కాదండి, ఇంటికే వచ్చేయండి" అన్నాడు.

చెప్పులేసుకుని బయల్దేరాను.

ముప్పై ఏళ్లుగా ఊరూరా ప్రార్థన చేస్తున్న పాస్టర్ని నేను.

ప్రభుదాసు నా చిన్ననాటి స్నేహితుడు. విజయ వాడి భార్య. వాడు తిరువూరు, విజయవాడ మధ్య బస్సు నడిపేవాడు. ప్రార్థన కూటంలో నన్ను బ్రదర్ అనేవాడు. గేటు దాటగానే ఒరేయ్ అనేవాడు.

గుండెపోటు అంటున్నారు. నిజమే. కానీ అందులో నా వంతు ఉంది. అది రాయకుండా మన సంఘం గ్రూపులో ఫోటో ఒకటి పెట్టి ఊరుకోలేను.

ఆరేళ్ల కిందట వాడికి షుగర్ బయటపడింది. డాక్టర్ గారు మాత్రలు రాసి, అన్నం తగ్గించి ఆకుకూరలు, పప్పులు, కూరగాయలు పెంచమన్నారు. రోజూ నడవమన్నారు.

వాడు మొండివాడు. చేసి చూపించాడు.

తెల్లారగానే గంపలగూడెం రోడ్డు మీద గంట నడక. పెనుగొలను నుంచి అత్తగారు తోటకూర, మునగాకు కట్టలు కట్టి పంపేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే పిడికెడు అన్నం, గిన్నెడు కూర.

తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్లు. "ఏంటి ప్రభుదాసూ, మేకల్లో కలిశావా?"

"మేకలకి షుగర్ లేదుగా బాబాయ్" అనేవాడు.

నాలుగు నెలలకి షుగర్ దిగింది. బెల్టుకి కొత్త కన్నం పొడిపించుకున్నాడు.

అప్పుడు నేనొక పని చేశాను.

ఆదివారం ఆరాధనలో వాణ్ణి మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించాను. దేవుడు మనకి చేసిన మేలుని సంఘం ఎదుట నోరు తెరిచి చెప్పడమే సాక్ష్యం. వాడు "రోజూ నడిచానండి, కూరలు తిన్నానండి" అని మొదలుపెట్టాడు.

నేను మైకు లాక్కున్నాను. "ప్రభువు ముట్టాడు. షుగర్ పోయింది. ఆమేన్ అనండి" అన్నాను.

అందరూ ఆమేన్ అన్నారు.

వాడు నా వైపు ఒకసారి చూసి వెళ్లి కూర్చున్నాడు.

మన సంఘంలో ఇల్లు కట్టినా, బండి కొన్నా, పిల్ల పాసైనా కృతజ్ఞతా కూటం. కూటం అవగానే బిర్యానీ. వాడు "నాకు చాలండి" అంటే వడ్డించేవాళ్లు వదిలేవాళ్లు కాదు. "స్వస్థత పొందినోడికి భయమేంటి బ్రదర్" అని ఇంకో గరిటె వేసేవాళ్లు.

ఆ మాట నేనూ అన్నాను. నవ్వుతూ అన్నాను.

రెండేళ్లకి కాలికి పుండు లేచింది. రెండు వేళ్లు తీసేశారు. తర్వాత చూపు తగ్గిందని బస్సు ఇవ్వలేదు. అప్పుడు కూడా నేను వెళ్లి నూనె రాసి ప్రార్థన చేసి వచ్చాను. ఏం తింటున్నావురా, నడుస్తున్నావా అని అడగలేదు.

నిన్న వాడి పక్కన కూర్చుని విజయ మెల్లగా చెప్పింది.

"సాక్ష్యం చెప్పిన మర్నాటి నుంచే నడక మానేశారన్నయ్యా. మాత్రలు కూడా ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మానేవారు. నేను గొడవపడితే, స్వస్థత వచ్చిందని చెప్పినోణ్ణి, మళ్లీ రోడ్డు మీద నడుస్తూ కనపడితే వాడి పరువేం కావాలే అనేవారు. మీరు ఒక్కసారి చెప్తే నడిచేవారు."

వాడి పరువు అంటే నా పరువు.

బైబిల్లో, బబులోనుకి చెరపట్టుకుపోయిన ఆ నలుగురు యువకులు రాజు బల్ల మీది మాంసం వద్దని, పది రోజులు శాకధాన్యాలు తిని నీళ్లు తాగి, అందరికంటే కళగా కనిపించారు. ఆ అధ్యాయం మీద నేను చేసినన్ని ప్రసంగాలు ఈ చుట్టుపక్కల ఎవరూ చేసి ఉండరు. వాళ్ల విశ్వాసం గురించి చెప్పాను. ధైర్యం గురించి చెప్పాను. వాళ్ల కంచం గురించి ఒక్కసారీ చెప్పలేదు. దేహం దేవుని ఆలయమని మైకులో అరిచి, కిందికి దిగి డబుల్ ప్లేట్ పట్టుకున్నాను.

నడిచి ఆకుకూర తింటే ఏ జబ్బూ రాదని ఇప్పుడు ఇంకో అబద్ధం చెప్పను. అన్నీ చేసినా జబ్బు పడేవాళ్లున్నారు. కానీ షుగర్, బీపీ, గుండెజబ్బు దగ్గరికి రాకుండా, వచ్చినా ముదరకుండా ఉండేందుకు అవి సాయపడతాయని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. నా స్నేహితుడి ఒంట్లో నాలుగు నెలలు నేను కళ్లారా చూశాను.

దేవుడు ఆ మేలు వాడి కాళ్లతో, వాడి కంచంతో చేశాడు. నేను దేవుడి పేరు చెప్పి ఆ రెంటినీ ఆపించాను.

నేను సాక్ష్యం చెప్పించినవాళ్లు ఇంకా ఉన్నారు. మీరెవరో మీకు తెలుసు. విజయ కూడా అందులో ఉంది. ఆమెకీ స్వస్థత వచ్చిందని రెండేళ్ల కిందట నేనే నిలబెట్టాను.

మీ సాక్ష్యాలన్నీ నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీరు నడిస్తే దేవుడు చిన్నబుచ్చుకోడు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గదు. నా పరువు పోతే పోనివ్వండి.

ప్రభుదాసూ, ఇక ఎవరి కోసమూ నటించక్కర్లేదురా. నొప్పి లేని చోట, మన తండ్రి దగ్గర నెమ్మదిగా ఉండు.

మధ్యాహ్నం మూడింటికి సమాధి కార్యక్రమం. మందులు మానేసినవాళ్లు ఆలోపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేపు అనకండి. సమాధుల దగ్గర్నుంచి తిరిగి వచ్చేటప్పుడు, కాళ్లు సహకరించేవాళ్లు ఎవరూ ఆటో ఎక్కకండి.

విజయ నడుస్తానంది. ఈరోజే ఆమెతో కలిసి నడవండి.