ఆకుపచ్చ మైలురాళ్లు

రాజన్నకు చదువు రాదు కానీ, మైలురాయి నెత్తి చూస్తే చాలు, రోడ్డు జాతకం చెప్పేస్తాడు. పసుపైతే నేషనల్ హైవే, ఆకుపచ్చైతే రాష్ట్ర రోడ్డు, నలుపైతే జిల్లాది, నారింజైతే పల్లెది. బాన్సువాడ చుట్టూ ముప్పై ఏళ్లు గ్యాంగు కూలీగా గుంతలు పూడ్చి, ఆ రాళ్లకు రంగులేసిన మనిషి మరి!

కూతురు ప్రవళిక బాన్సువాడలో ఓ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఎవరైనా దిద్దగలిగే మ్యాపు ఒకటి ఫోన్లో ఉంది. సెలవొస్తే స్కూటీ మీద తిరిగి అందులో రోడ్లు గీస్తుంది. పెద్ద రోడ్డుకు లావు గీత, చిన్నదానికి సన్న గీత.

"ఏది పెద్దదో ఏది చిన్నదో ఎట్ల తెలుస్తది బాపూ?" అని ఆమె అడిగితే రాజన్న మీసం దువ్వాడు.

"రాయి నెత్తి సూడు బిడ్డా, గంతే!"

పిల్ల అలాగే చేసింది. ఒకరోజు సంబరంగా ఫోను తెచ్చి చూపించింది. "బాపూ, మనూరి రోడ్డు రాష్ట్ర రోడ్డట! రాళ్లన్నీ ఆకుపచ్చయే. లావు గీత పెట్టిన."

ఆ రాళ్ల సంగతి రాజన్నొక్కడికే తెలుసు. పన్నెండేళ్ల కింద ఎండకు మాడి, తారుకు చేతులు కాల్చుకుని సొంత ఊరికి వేసిన రోడ్డది. రంగు వేసేనాడు నారింజ డబ్బా పక్కనే, రాష్ట్ర రోడ్డుకు వాడగా మిగిలిన ఆకుపచ్చ డబ్బా కూడా ఉంది. మా ఊరికేం తక్కువ అనుకుని ఐదు రాళ్లకూ ఆకుపచ్చే పూసేశాడు. అడిగినవాడు లేడు. ఇప్పుడు కూతురి సంబరం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. పైగా మర్నాడు హోటల్లో చాయ్ తాగుతూ ఆ లావు గీత నలుగురికీ చూపించాడు కూడా, సిగ్గులేని మనిషి!

వరి కోతలయ్యాయి. వర్ని వైపు నుంచి బియ్యం లారీలు మ్యాపు చూసుకుని, పిట్లం దగ్గర హైవే ఎక్కడానికి ఊళ్లోంచి పోవడం మొదలుపెట్టాయి. పది రోజులు తిరగకముందే ఒక లారీ బరువుకు వాగు మీద చిన్న వంతెనలా కట్టిన మోరీ కుంగి, రోడ్డుకు అడ్డంగా బండి కూరుకుపోయింది.

దానికి ఇవతల, ఊరి వైపు ఆగిపోయిన ఆటోలో సాయవ్వ ఉంది. పక్కింటి మనిషి. కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు బాన్సువాడ దవాఖానకు పోయి మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. రెండు గంటలు చూసి, ఇక లాభం లేదని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వాగు దాటించారు. కుర్చీ ఒక కోడు రాజన్న భుజం మీదే ఉంది. వాచిన ఆమె కాళ్లు అతని చేతికి తగులుతూనే ఉన్నాయి.

"మ్యాపుల పెద్ద రోడ్డని ఉన్నదన్నా, నాదేం తప్పు?" అన్నాడు లారీ డ్రైవరు.

సాయవ్వ అవతల వేరే ఆటోలో దవాఖానకు చేరి, గండం గడిచి ఇంటికొచ్చింది. సంగతి విన్న ప్రవళిక వెక్కి వెక్కి ఏడ్చింది. "నాదే తప్పు బాపూ. నేనే సరిగ సూడలే. సాయవ్వ పెద్దమ్మకేమన్నయితే ఎట్లుండె?"

ఆ మాటకు రాజన్న గుండె చెరువైంది. "నీది కాదు బిడ్డా, పాపం నాది. పల్లె రోడ్డుకు పచ్చ రంగు పూసింది నేనే. నీకు సెప్పక దాసింది నేనే" అని తలవంచుకుని అంతా చెప్పేశాడు. ప్రవళిక కళ్లు తుడుచుకుని, ఫోను తీసుకుని లోపలికి పోయింది.

మోరీ బాగయ్యాక ఒక పొద్దున రాజన్న నారింజ డబ్బా కొనుక్కొచ్చి రోడ్డు పక్కన మైలురాయి ముందు కూర్చున్నాడు. ప్రవళిక వచ్చి పక్కన నిలబడి ఫోను చూపించింది. రాజన్నకు కళ్లు చికిలించినా ఊరి రోడ్డు కనబడలేదు.

"ఏడున్నది?"

ఆమె అతని వేలు పట్టుకుని గీత మీద పెట్టింది.

"గింత సన్నగనా!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, రాయి నెత్తిన మిగిలిన ఆకుపచ్చ మీద కుంచె లాగాడు.

అంతలో సాయవ్వ ఆటో వచ్చింది. "ఏంది రాజన్నా, మంచిగున్న రంగు సెడగొడుతున్నవ్?" అని ఆమె లోపలి నుంచి కేకేసింది.

"నువ్వు పో అక్కా, నీకు టైమైతది!"

ఆటో మోరీ దాటి, ఎక్కడా ఆగకుండా బాన్సువాడ వైపు పోయింది.