కత్తెరత్త కట్టర్ కొన్న రోజు

ముప్పయ్యేళ్లు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించిన మనిషి కాబట్టి ఆవిడకు కత్తెరత్త అన్న పేరు స్థిరపడిపోయింది. పదును దగ్గర ఆవిడ మహా పట్టింపు మనిషి. ఇంట్లో గుడ్డ కత్తెరతో ఎవరైనా కాగితం కోశారా, ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే.

రిటైరైన రెండో నెలకే చేతులు ఊరుకోనన్నాయి. అది కనిపెట్టి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మేనకోడలు ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ప్లాస్టిక్ విమానం, నూట పన్నెండు ముక్కలుగా. ముక్కలన్నీ సన్నటి కాడలతో చట్రాలకు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే కోసి తీసి, జిగురుతో అతికించాలి.

"ఇంతేనా? కత్తిరించడం నాకు కొత్తా!" అంటూ అత్త చేతికందిన నెయిల్ కట్టర్ తీసుకుంది. రెక్క అంచు నలిగి తెల్లగా పాలిపోయింది. ప్రొపెల్లర్ టప్పున విరిగి సోఫా కిందికి ఎగిరిపోయింది.

"చెయ్యి వణికిందేమో అత్తా," అంది మేనకోడలు మెల్లగా.

అత్తకు ఒళ్లు మండింది. "వణికిందా? నా చెయ్యా? ఇది కోయలేదే, కొరికింది! పద బజారుకి!"

పనిముట్ల దుకాణంలో అత్త సంచిలోంచి ఖాళీ కాడలు తీసి బల్ల మీద పరిచింది. దుకాణదారు కరెంటు తీగలు కోసే కట్టర్ ఇచ్చాడు. అత్త దాన్ని మూసి లైటుకు ఎదురుగా పట్టింది. రెండంచుల మధ్య సన్నగా వెలుతురు కనిపించింది.

"అంచులు కలవట్లేదు బాబూ. ఇంకోటి."

రెండోది ఇరుసు దగ్గర లొడలొడలాడింది. మూడోది గట్టిదే, కాడను కోసింది గానీ తెల్లమచ్చ మిగిల్చింది. అయినా పనికొస్తుందని దాన్ని పక్కన పెట్టించింది. నాలుగోదాని స్ప్రింగు బిరుసు.

"ప్లాస్టిక్ ముక్కకు ఇంత పరీక్షా అమ్మా? పెళ్లి సంబంధం చూస్తున్నట్టుంది!"

"సంబంధమైతే సర్దుకుపోవచ్చు. మొండి కత్తితో సర్దుకుపోలేం."

దుకాణదారుకు నవ్వూ వచ్చింది, పౌరుషమూ వచ్చింది. నిచ్చెనెక్కి పై అరలోంచి చిన్న పెట్టె దించాడు. లోపల పల్చటి కట్టర్. ఒక అంచుకే పదును, రెండోది కాడ ఆనడానికి. అత్త లైటుకు పట్టింది. వెంట్రుకంత సందు లేదు! కాడ మీద పెట్టి వేలితో అలా అన్నదో లేదో, ముక్క చప్పుడు లేకుండా రాలింది. కోసినచోటు అద్దంలా ఉంది.

"చూశావుటే! చూశావా!" అత్త మేనకోడలి భుజం పట్టుకుని ఊపేసింది. దుకాణదారు ఆత్రంగా తనూ ఒక కాడ కోశాడు. మేకులు కొనడానికి వచ్చినాయన కూడా "ఏదీ, నేనూ" అంటూ ముందుకొచ్చాడు.

అత్త రెండు కట్టర్లు కొంది. పక్కన పెట్టించిన మూడోదానితో ముక్కను చట్రం నుంచి కాస్త కాడ వదిలి విడదీయాలి. మిగిలిన కాడను పల్చటిదానితో అంచు వెంబడి తీసేయాలి. లావు కాడల మీద పెడితే పల్చటి అంచు చిట్లిపోతుందని చూడగానే ఆవిడకు తెలిసిపోయింది.

మూడు వారాల్లో విమానం లేచి నిలబడింది. ఆ ఉదయమే డ్యూటీలో ఉన్న మేనకోడలికి ఫోను వెళ్లింది.

"ఏమేవ్, వచ్చేటప్పుడు ఓడ పట్రా. చిన్నదొద్దు. ముక్కలు ఎన్నుంటే అంత మంచిది!"