ట్రక్కు కింద రెండు బెలూన్లు

పంతొమ్మిదేళ్లు బడి బస్సు నడిపిన మనిషి ఆమె. పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, చివరికి హెడ్మాస్టరు కూడా ఆమెను డ్రైవరక్క అనే పిలిచేవారు. కట్టుకున్న మొగుడు సైతం కోపం వచ్చినప్పుడు అలాగే పిలిచేవాడు. ఆ బస్సులో ఆమెకు తెలియని బోల్టు ఒక్కటి లేదు. ఎక్కడైనా కిర్రుమంటే చాలు, అదేమిటో తేలేదాకా గొంతులో ముద్ద దిగేది కాదు.

బడివాళ్లు బస్సులన్నీ ఒక కంపెనీకి అప్పగించేశాక ఆమె ఇంట్లో సరిగ్గా పదకొండు రోజులు కూర్చుంది. పన్నెండో రోజున వెళ్లి ఒక పాత చిన్న ట్రక్కు తెచ్చుకుంది. ఇళ్లు మారేవాళ్ల సామాను మోస్తానంది. భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కుట్టుమిషను మీంచి తలెత్తి, కళ్లద్దాల పైనుంచి ట్రక్కును తేరిపార చూశాడు.

"బాగానే ఉంది గానీ, కుడి భుజం కాస్త కిందికి జారింది," అన్నాడు.

"ట్రక్కుకి భుజాలేంటండీ?"

"ముప్ఫై ఏళ్లుగా వచ్చినవాళ్ల భుజాలే చూస్తున్నాను. నాకు తెలీదా?"

ఆమెకు ఒళ్లు మండింది. ఆయన మెడలోని టేపు లాక్కుని వెళ్లి, వెనక చక్రాల మీది రేకు అంచు నుంచి నేలదాకా కొలిచింది. ఎడమవైపు కంటే కుడివైపు రెండంగుళాలు తక్కువ. ఆ పూటంతా దర్జీగారు మిషను తొక్కుతూ ఈల వేస్తూనే ఉన్నారు.

నిజానికి ట్రక్కు కొన్నరోజే ఆమెకు కొన్ని అంతుబట్టని వస్తువులు కనిపించాయి. డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న మీటరు. దానికి రెండు ముళ్లు, రెండూ సున్నా మీద నిద్రపోతున్నాయి. దాని పక్కన నొక్కినా ఉలకని, పలకని ఎర్ర స్విచ్చి. సీటు కింద తీగలు తెగిన పంపు. వెనక నంబరు ప్లేటు చాటున, టైరుకుండే వాల్వుల్లాంటివి రెండు. ఇవేమిటని అడిగితే అమ్మిపెట్టిన బ్రోకరు, "పాతవాళ్లు ఏవో పెట్టుకున్నార్లెండి, మీరు పట్టించుకోకండి," అన్నాడు. పట్టించుకోవద్దంటే మానేసే రకం కాదామె.

మర్నాడు ట్రక్కును అరగంట మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లింది. ఏ పని చెప్పినా "అరగంటలో ఇచ్చేస్తా" అంటాడు కాబట్టి ఆ మెకానిక్కుకు ఆ పేరు స్థిరపడిపోయింది. బండి కిందికి దూరి, చొక్కా దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"అక్కా, వెనక ఇరుసు పైన బరువు మోసే కమాన్ పట్టీల మీద రెండు ఎయిర్ బెలూన్లున్నాయి. కంపెనీవి కావు, ఎవరో తర్వాత బిగించుకున్నారు. బరువేసినప్పుడు వెనక కుంగకుండా వాటిల్లో గాలి నింపుతారు. ఎడమదాంట్లో కాస్త గాలుంది. కుడిది చచ్చిపోయింది. రెండూ కోసి పారేద్దాం, అరగంట పని."

"చచ్చిపోయిందని నీకెలా తెలుసు తమ్ముడూ?"

"చూస్తే తెలీట్లా? ఉలుకూ పలుకూ లేకుండా పడుంది."

"భోజనం చేశాక మా ఆయనా అలాగే పడుంటాడు. కోసేద్దామా?"

మేస్త్రి నవ్వు ఆపుకోలేక పానా కింద పెట్టేశాడు. "సరే అక్కా, నీ ఇష్టం. ఏం తేలిందో నాకూ చెప్పు."

ఆమె ముందుగా బ్రోకరు దగ్గర నంబరు తీసుకుని, ఇదివరకటి యజమానికి ఫోన్ చేసింది. ఆయన కేకులు చేసి దుకాణాలకు వేసే మనిషి.

"నేను కొన్నప్పుడే అవన్నీ ఉన్నాయమ్మా. ఎందుకో నాకూ తెలీదు," అన్నాడాయన మొహమాటంగా. "ఆ ఎర్ర స్విచ్చి నొక్కితే సీటు కింద పిల్లి పీక నొక్కినట్టు అరుపొచ్చేది. ఓసారి పక్క సీట్లో పెద్ద కేకు పెట్టుకుని వెళ్తున్నానా, పొరపాటున చెయ్యి తగిలింది. ఆ అరుపుకి హడలిపోయి బ్రేకు తొక్కేశా. కేకు కాస్తా ముందు అద్దానికి అంటుకుంది. ఆ రోజే తీగలు కత్తిరించేశా."

ఆమె ఫోన్ పెట్టేసి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వుల మధ్యే ఒక సంగతి బుర్రకు తట్టింది. అరిచిందంటే పంపు బతికే ఉన్నట్టు.

మర్నాడు పొద్దున్నే ట్రక్కును జాకీతో లేపి, ఛాసిస్ కింద మందపాటి కర్రదిమ్మలు పెట్టి, లోపలికి దూరింది. ఒక్కో గాలి పైపును వేలితో తడుముకుంటూ అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కేకేసి చెప్పడం ఆమె పని. మార్కింగు సుద్దతో గచ్చు మీద గీయడం దర్జీగారి పని. బెలూన్లకు రెండు గుండ్రాలు, పైపులకు గీతలు. ఆయన అలవాటు కొద్దీ గీతల చివర కుట్టుకు వదిలే అంచులు కూడా గీస్తుంటే ఆమె కింద నుంచే కసిరింది.

ఎడమ బెలూను పైపు తిన్నగా నంబరు ప్లేటు దగ్గరి వాల్వుకు చేరింది. కుడి పైపు మాత్రం సైలెన్సర్ మీదుగా పోయింది. అక్కడ వేడికి కొవ్వొత్తిలా కరిగి, చిటికెనవేలు పట్టేంత కంత పడి ఉంది. ఇంకేం, గాలి నిలిచేదెక్కడ? కరిగిన ముక్క కోసేసి, కొత్త పైపు వేసి, ఈసారి సైలెన్సర్‌కు జానెడు దూరంగా కట్టింది. పాతకాలపు కాలిపంపుతో గాలి కొట్టి, బెలూను చుట్టూ సబ్బునీళ్లు పూసి చూసింది. ఒక్క బుడగ రాలేదు. మేస్త్రి చచ్చిపోయిందన్న ఆ రబ్బరు ముద్ద ఒక్కో మడతా విప్పుకుంటూ పైకి లేచింది.

"బతికే ఉందండీ!" అని అరిచింది ఆమె.

"కుచ్చిళ్లు చక్కగా కుదిరాయి," అన్నాడు దర్జీ కిందికి వంగి చూస్తూ.

అక్కడితో ఆగితే బాగుండేది. అంతా అర్థమైపోయిందన్న హుషారులో ఆమె ఇంకో పని చేసింది. పంపు తీగలు అతికి, పైపులు రెండూ వాల్వుల నుంచి ఊడదీసి, మూడు మూతులుండే ఒక ఇత్తడి టీ జాయింటుతో కలిపి పంపుకు తగిలించింది. ఒకే పంపు, ఒకే గాలి, రెండు పక్కలా సమానంగా ఉంటుంది కదా అనుకుంది. టేపు పెట్టి కొలిస్తే అంగుళంలో పిసరు కూడా తేడా లేదు.

మొదటి బేరం గడియారాలు బాగుచేసే ముసలాయనది. కొట్టు నాలుగు వీధుల అవతలికి మారుస్తున్నాడు. గోడ గడియారాలన్నీ ఒక ఎత్తు, మనిషెత్తు నిలువు గడియారం ఒక్కటే ఒక ఎత్తు. దాన్ని దుప్పట్లు చుట్టి, తాళ్లతో బిగించి నిలబెట్టారు. లోలకం మాత్రం విప్పి, తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు.

"నెమ్మదమ్మాయ్."

"మీరు నిశ్చింతగా ఉండండి బాబాయిగారూ."

తిన్నని రోడ్డు మీద బండి నీళ్ల మీద పడవలా సాగింది. ముసలాయన ముఖం విప్పారింది. కూరగాయల మార్కెట్ దగ్గర కుడివైపు మలుపు తిప్పిందో లేదో, ట్రక్కు మూర్ఛ వచ్చినట్టు ఎడమకు ఒరిగిపోయింది. వెనక తాళ్లు కిర్రుమన్నాయి. ముసలాయన లోలకాన్ని గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె బండిని మెల్లగా పక్కకు తీసి ఆపి, ఒక్క గెంతున దిగి వెనక్కి పరిగెత్తింది. తాళ్లు నిలిచాయి. గడియారానికి ఏమీ కాలేదు. అయినా పంతొమ్మిదేళ్లలో ఒక్క పిల్లవాడి మోకాలు కూడా గీరుకోనివ్వని మనిషికి తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే బాబాయిగారూ. నిలబడ్డ బండిని కొలిచి, అంతా తెలిసిపోయిందనుకున్నాను."

"ముందు ఏమైందో చూడు. నేనేమీ పారిపోను," అన్నాడాయన. ఆయన కూడా బతుకంతా చెడిపోయినవాటి మధ్యే గడిపినవాడు.

ఆమె నడుమ్మీద చేయి పెట్టుకుని మలుపు వంక చూస్తూ నిలబడింది. బస్సులో చిట్టచివరి పొడవాటి సీటు గుర్తొచ్చింది. మలుపు వస్తోందంటే చాలు, అక్కడి పిల్లలందరూ కావాలనే ఒకవైపుకు జారిపోయి కేరింతలు కొట్టేవారు. చివరనున్నవాడు కిటికీకి అతుక్కుపోయేవాడు. సీటు మధ్యలో అడ్డుచెక్క బిగించిన రోజున ఆ ఆట కట్టయింది.

"గాలి కూడా అదే చేస్తోంది!" అంది గట్టిగా. "మలుపులో బరువు ఎడమ మీద పడగానే, అక్కడి గాలి టీ జాయింటు గుండా కుడివైపుకి పారిపోతోంది. ఎడమ కుంగిపోతోంది. రెండింటికీ మధ్య అడ్డుండాలి!"

"అయితే విడదియ్యి," అన్నాడు ముసలాయన, అదేదో చిన్న ముల్లు సరిచేసినంత తేలిగ్గా.

ఆమె టీ జాయింటు పీకేసి, ఏ పైపును దాని వాల్వుకే మళ్లీ తగిలించింది. ముసలాయన ఒక చేత్తో లోలకం పట్టుకుని, రెండో చేత్తో పానాలు అందించాడు. ఎదురుగా ఉన్న పంక్చర్ షాపతను వచ్చి రెండింటికీ విడివిడిగా, సమానంగా గాలి కొట్టాడు. ఆ తర్వాత ఆమె చుట్టు తిరిగి వచ్చి అదే మలుపులో బండిని మళ్లీ తిప్పింది. ట్రక్కు నిటారుగా తిరిగింది.

"ఇంకోసారి తిప్పమ్మాయ్," అన్నాడు ముసలాయన. ఈసారి కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు.

గడియారం కొత్త కొట్టుకు క్షేమంగా చేరింది. తిరిగొస్తుండగా ఆమె చూపు డ్యాష్‌బోర్డు మీటరు మీద పడింది. రెండు ముళ్లు. ఒకే గాలైతే రెండు ముళ్లెందుకు? బిగించినవాడెవరో మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు, వినిపించుకోనిది తనే. నుదురు కొట్టుకుని, మర్నాడే మీటరుకు పైపులు కలిపింది. పంపు నుంచి ఒక్కో బెలూనుకు ఒక్కో కుళాయి పెట్టింది. బరువు లేనప్పుడు కూడా కాస్త గాలి ఉంచకపోతే రబ్బరు మడతలు నలిగి చిరుగుతాయన్నది ఆ తర్వాతి వారాల్లో అడిగీ, చదివీ తెలుసుకుంది.

ఇదంతా చెప్పడానికి మేస్త్రి దగ్గరికి వెళ్తే, ఆయన చేస్తున్న పని ఆపి గంటన్నర విన్నాడు. వారం తిరక్కుండా ఒక రొట్టెల వ్యాను వాణ్ని ఆమె దగ్గరికి పంపాడు. వాడి బండి కింద కూడా ఎవరో వదిలేసిన పైపులున్నాయట. ఆ తర్వాత పాల బండి, ఆ తర్వాత గుర్రాలను మోసే లారీ వచ్చాయి. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు సామాన్లు మోస్తుంది, రెండు రోజులు ఇలాంటి చిక్కులు విప్పుతుంది.

అలాంటి ఒక రోజున ఎవరో ఫోన్ చేసి, అక్కగారు ఉన్నారా అని అడిగారు. దర్జీ కిటికీలోంచి వీధిలోకి తొంగిచూశాడు.

"ఉందండీ," అన్నాడు. "ప్రస్తుతానికి మోకాళ్ల నుంచి కిందికే కనిపిస్తోంది. బయటికి రాగానే చెబుతాను."