పటమటలో చవకగా వచ్చే ఇల్లు

బ్రోకరు శేషు తాళం తీసి తలుపు తోయగానే లోపలి నుంచి వచ్చిన వాసన నన్ను గుమ్మంలోనే ఆపేసింది. తడిసి పెచ్చులూడిన సున్నం వాసన, పావురాల రెట్ట వాసన, వాటన్నిటి అడుగున, ఇన్నేళ్ళు గడిచినా గోడలు వదలని ఎండు నెత్తళ్ళ వాసన. శేషు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కొత్తగా సున్నం వేయిస్తే పోద్ది సార్" అన్నాడు. ఆ వాసన ఎక్కణ్ణించి వస్తోందో అతనికి తెలియదు. నాకు తెలుసు. నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా మేం ఈ ఇంటి వెనక వాటాలో అద్దెకున్నాం.

ఆ సంగతి నేను శేషుకి చెప్పలేదు. రెండేళ్ళలో రిటైరవుతున్నాను, ఐదో అంతస్తు ఫ్లాటులో మా ఆవిడకి ఉక్కపోతగా ఉంటోంది, పాతదైనా సరే నేల మీద ఉండే చిన్న ఇల్లు చూడమన్నాను. అతను చూపించిన వాటిలో ఇది నాలుగోది. పటమటలో గజం ఎంత పలుకుతోందో తెలిసినవాడెవడైనా ఈ ఇంటి ధర విని రెండోసారి అడుగుతాడు. నేనూ అడిగాను. శేషు గొంతు తగ్గించాడు.

"మీ దగ్గర దాచేదేముంది సార్. పూర్వం ఈ ఇంట్లో ఎవరో ముసలావిడ చెడు నక్షత్రంలో పోయిందంట. ఇల్లు పాడు పెట్టాల్సింది, పెట్టలేదంట. అప్పణ్ణించీ కొనేవాళ్ళు లేరు. మీలాంటి చదువుకున్నోళ్ళకి అదే ప్లస్సు. ఇంకా తగ్గించి అడగొచ్చు."

కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వేసి, నెలల తరబడి దీపమైనా పెట్టకుండా వదిలేసి వేరేచోట తలదాచుకోవడం మా వైపు ఆచారం. దాన్నే ఇల్లు పాడు పెట్టడం అంటారు. శేషు చెప్పిన కథ నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళ వయసులో, ఈ ఇంటి అరుగు మీద కూర్చుని, దాన్ని పుట్టించింది నేనే.

చల్లపల్లి దగ్గర మాకున్న ఎకరన్నర పొలం కౌలుకిచ్చి నాన్న బెజవాడ లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు, తక్కువ అద్దెకి దొరికిందని ఈ వాటాలో దిగాం. ఇంటివాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. వీరాస్వామి గారికి అక్కడ రెండు పడవలుండేవి, నెలలో సగం రోజులు ఆయన తమ్ముళ్ళతో వేటలోనే ఉండేవాడు. ఆయన భార్య నాంచారమ్మ గారు ఇక్కడ ఎండుచేపల హోల్‌సేల్ వ్యాపారం చేసేది. ముందు గది నిండా గోతాలు, గోతాల మధ్య ఒక కాటా, కాటా పక్కన గడపకి ఆనుకుని కూర్చుని, వచ్చేపోయే రిక్షావాళ్ళని పేరుపేరునా పలకరిస్తూ ఆవిడ. మా ఇంటికి చుట్టాలొస్తే అమ్మ నాలుగు అగరొత్తులు ఎక్కువ వెలిగించి, "ఏం చేస్తాం, చేపలోళ్ళ ఇల్లు" అని మూతి తిప్పేది. వాళ్ళు బస్సెక్కాక, నాంచారమ్మ గారు ఊరికే ఇచ్చిన ఎండు రొయ్యలు గోంగూరలో వేసి వండేది, మేం ముగ్గురం వేళ్ళు నాక్కుంటూ తినేవాళ్ళం.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు భూలక్ష్మి నా క్లాసే. ఎండాకాలం కాలవ కట్టేశాక బందరు కాలవ అడుగున మోకాలి లోతు బురదా, అక్కడక్కడా గుంటల్లో వేడెక్కిన నీళ్ళూ మిగిలేవి. పేటలో పిల్లలందరం ఆ గుంటల్లో దిగి తువ్వాళ్ళతో, చిల్లుల బొచ్చెలతో చేపల కోసం దేవుకుంటుంటే భూలక్ష్మి వట్టి చేతులతో, నీళ్ళలోకి చూడకుండానే, ఎవరో పిలిచినట్టు పోయి పట్టుకునేది. నాకు ఒక్కటీ దొరికేది కాదు. "ఊరుకో ప్రసాదూ, నీ చేతి కింద అవి నిద్రపోతన్నాయి" అని నవ్వి, తను పట్టినవాటిలో రెండు నా బొచ్చెలో వేసి, ఇంటికెళ్ళి నేనే పట్టానని చెప్పుకోమనేది. నేను చెప్పుకునేవాణ్ణి.

అట్లతద్దికి ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడితో, ముద్దపప్పుతో, గడ్డపెరుగుతో అన్నం తిని పెరట్లో వేపచెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గర కేకలు పెడుతుంటే, మగపిల్లాణ్ణయినా నన్నూ ఒక ముద్దకి పిలిచేవారు. దీపావళికి ముందు వారం రోజులు డాబా మీద బొగ్గు నూరి, సూరేకారం కలిపి, సిసింద్రీలు కూరి వరసగా ఎండబెట్టేవాళ్ళం, వాటికి కాపలా వీరాస్వామి గారి తల్లి. ఆవిణ్ణి అందరం మామ్మ అనేవాళ్ళం. చుట్ట కాలుస్తూ, సాయంత్రం గాలి తిరగ్గానే మొహం పైకెత్తి వాసన చూసి, సముద్రం ఎక్కడో కోసుల దూరాన ఉండగా, "పొద్దున్నే వేటకి మంచిదిరా" అనేది. ఇక్కడ వేటకి వెళ్ళేవాళ్ళెవరూ లేకపోయినా అనేది.

ఆ మామ్మ నా ఆరో తరగతిలో, కార్తీకమాసం, ఒక ఉదయం మధ్య గదిలో పోయింది. పంతులుగారు పంచాంగం తిరగేసి, "నక్షత్రం మంచిదేనమ్మా, ఏ దోషమూ లేదు, దీపం పెట్టుకోండి" అన్నారు. నాంచారమ్మ గారు రెండుసార్లు అడిగింది, ఆయన రెండుసార్లూ అదే చెప్పారు. నేను గుమ్మం పక్కనే నిలబడి విన్నాను. అంచేత తర్వాత నేను చేసిన పని తెలియక చేసింది కాదు.

మరుసటేడు గాలివానకి వాళ్ళ పడవలు రెండూ పోయాయి. పదిహేను రోజుల తర్వాత సముద్రం ఒడ్డు నుంచి తిరిగొచ్చిన వీరాస్వామి గారు గడ్డం కూడా గీయకుండా మా నాన్నని పిలిచి, ఇల్లు అమ్మేసి పడవ కొంటాననీ, మేం వేరే వాటా చూసుకోవాలనీ చెప్పారు. "పడవంటూ ఉంటే ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు కదండీ" అన్నారు. నాన్న సరేనన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. డాబా, వేపచెట్టు, కాలవ, భూలక్ష్మి, అన్నీ ఒక్క మాటలో పోతున్నాయి. వాళ్ళకి ఏం పోయిందో నేను ఆలోచించలేదు.

ఇల్లు కొంటామని మొదట వచ్చింది మైలవరం దగ్గర మామిడితోటలున్న ఒకాయన, ఆయన భార్య. బేరం దాదాపు కుదిరింది, మర్నాడు బయానా ఇస్తామన్నారు. మగాళ్ళు లోపల మాట్లాడుకుంటుంటే ఆవిడ అరుగు మీదకొచ్చి, గోళీలు లెక్కపెట్టుకుంటున్న నన్ను, "ఈ ఇంట్లో గాలి బాగా వస్తదా బాబూ?" అని అడిగింది. ఎంతో మర్యాదగా అడిగింది. ఆ ఏడే ఎదురింటివాళ్ళు నిజంగానే ఆర్నెల్లు ఇల్లు పాడు పెట్టారు. ఆ దొడ్లో పడ్డ బంతిని తీసుకురావడానికి మాలో ఎవడికీ ధైర్యం చాలేది కాదు. ఆ మాటకి ఎంత బలముందో నాకు తెలుసు.

"వస్తదండీ" అన్నాను. "మధ్య గదిలో మామ్మ పోయాక రాత్రిళ్ళు ఇంకా ఎక్కువ వస్తంది. ధనిష్ఠలో పోయిందంటండీ. ఆర్నెల్లు పాడు పెట్టమన్నారంట, వీళ్ళు పెట్టలేదు."

ఆవిడ చెంగు భుజం చుట్టూ కప్పుకుని, ఇంట్లోకి వెళ్ళకుండా గేటు దగ్గరికి పోయి నిలబడింది. మర్నాడు బయానా రాలేదు. రెండో బేరానికి వచ్చినవాళ్ళకి నేను చెప్పాల్సిన పని కూడా పడలేదు, కిళ్ళీకొట్టు దగ్గరే ఎవరో చెప్పేశారు. మూడోవాళ్ళు గేటు దాకా రాలేదు.

ఒక మధ్యాహ్నం నాంచారమ్మ గారు మా వాటాలోకి వచ్చి నేల మీద కూర్చుంది. "మీరూ ఉన్నారు కదండీ ఆ రోజు. పంతులుగారు దోషం లేదనే అన్నారు కదా? నేను సరిగ్గానే విన్నాను కదా?" అని అమ్మని అడిగింది. ఆ పంతులుగారు అప్పటికే కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయారు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అన్నారనే గుర్తండీ" అంది, అంత గట్టిగా ఏమీ అనలేదు. "మా మీద జాలిపడి అలా చెప్పారేమో" అని నాంచారమ్మ గారు తనలో తను అనుకున్నట్టు అంది. నేను అక్కడే, గోడకి ఆనుకుని లెక్కలు చేసుకుంటున్నాను. నోరు విప్పితే చాలు. దెబ్బలు తినాల్సి వస్తుందని విప్పలేదు. ఆ దెబ్బలు సాయంత్రానికి మానిపోయేవి.

నెల తిరక్కుండా వాళ్ళే ఇల్లు పాడు పెట్టారు, ఏడాది ఆలస్యంగా, లేని దోషానికి. మా వాటాకీ తాళం పడింది. ఏ ఇల్లు వదలకూడదని అంత పని చేశానో ఆ ఇంట్లోంచి మా సామాను రిక్షాలో వేసుకుని గుణదల వైపు వెళ్ళిపోయాం. వాళ్ళు సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. తాళం తీశాక కూడా ఆ ఇల్లు అమ్ముడుపోలేదని, పదో పరకో అద్దెకి ఎవరెవరో ఉండి పోతున్నారని నాన్న ద్వారా వినేవాణ్ణి. వీరాస్వామి గారు ఇంకెప్పుడూ సొంత పడవ కొనలేకపోయారు, పరాయి పడవల మీద కూలికి వెళ్ళేవారు. భూలక్ష్మి చదువు ఏడో తరగతితో ఆగింది. చాలా ఏళ్ళకి, నాకు ఉద్యోగం వచ్చాక, బందరు బస్టాండులో ఆమెని చూశాను. రొయ్యల షెడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్ళ గుంపులో, ఐసు నీళ్ళకి నానిపోయిన వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకుని నిలబడి ఉంది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇంత తెలిసీ, శేషు ధర చెప్పిన తర్వాత రెండు రోజులు నేను ఇల్లు కొనాలనే అనుకున్నాను. ఆ ఇంటిని మళ్ళీ బాగుచేసి అందులో ఉండటం ఒక రకమైన ప్రాయశ్చిత్తమని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆవిడకీ ఇల్లు నచ్చింది. నా అబద్ధం ఆ ఇంటి ధర ఎంత తగ్గించిందో అంతా నాకే కలిసొస్తోందని తెలిసి కూడా, మెట్లకి గ్రానైటు వేయించాలా, గచ్చు ఉంచాలా అని ఆలోచించాను. ఆ రెండు రోజుల గురించి చెప్పకుండా మిగతాదంతా చెప్పడం మళ్ళీ అబద్ధమే అవుతుంది.

మూడో రోజు ధర ఖాయం చేయడానికి, ఇప్పుడు ఇల్లు తన పేరనే ఉన్న భూలక్ష్మి ఆ ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది, మాట మారలేదు. నన్ను గుర్తుపట్టగానే 'అండీ' మానేసింది.

"నువ్వా ప్రసాదూ? కొనేది నువ్వని శేషు చెప్పనే లేదు. నీకైతే నిజం చెప్పాలి. ఈ ఇంట్లో దోషముంది. తెలిసే కొంటన్నావా?"

నా చిన్నప్పటి మాట ఆమె నోట్లోంచి వినడానికి నేను సిద్ధంగా లేను. ఆమె నన్ను హెచ్చరిస్తోంది, తనకి నష్టమని తెలిసి కూడా.

"పాడు పెట్టడం ఆలస్యం చేశామని, అందుకే నాన్న అట్టా అయిపోయాడని అమ్మ చివరిదాకా ఏడిచింది. తనే పంతులుగారి మాట తప్పుగా విన్నానంది. పోయే ముందు రోజు కూడా అదే" అంది.

చెప్పాను. మామిడితోటల ఆయన భార్య నన్నేం అడిగిందో, నేనేం చెప్పానో, అమ్మ బియ్యం ఏరుతున్న మధ్యాహ్నం ఎందుకు నోరు విప్పలేదో, మాట మిగల్చకుండా చెప్పాను. శేషు మధ్యలోనే లేచి ఫోను వచ్చినట్టు బయటికి వెళ్ళాడు. భూలక్ష్మి మధ్య గది వైపు తిరిగి కూర్చుంది.

"అమ్మ పోయి మూడేళ్ళయింది" అంది. "నాలుగేళ్ళ కిందట నీకు కాళ్ళు లేవా?"

ఆమె లేచి గదులన్నీ ఒక్కొక్కటే చూసింది, కిటికీ రెక్కలు తోసి చూసింది, వంటింట్లో గట్టు మీద చెయ్యి వేసి చూసింది. తిరిగొచ్చి వాకిట్లో నిలబడి శేషుని కేకేసింది.

"తాళంచెవులు ఇట్టా ఇవ్వు బాబూ. ఇల్లు అమ్మటం లేదు. నేను అద్దె కొంపలో ఉండి, నా ఇల్లు ఊరికే ఎందుకు ఇయ్యాలి?" నా వంక తిరిగి, "నువ్వెళ్ళు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

వీధిలోకి వచ్చాను. ఎదురింటి చోట ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. పెరటి వెనక, వేపచెట్టుకి మిగిలిన మొదలుని ఆనుకుని ఎవరిదో సెల్లారు గోడ. కాలవ కట్టేసినా అందులో దిగే పిల్లలు లేరు, దిగే నీళ్ళూ కావు. డాబా మీద సిసింద్రీలు కూరేవాళ్ళు లేరు, గాలి వాసన చూసే ముసలివాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఆ మాట విన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఈ పేటలో మిగల్లేదు. మాట మాత్రం మిగిలింది, నన్నెప్పుడూ చూడని వాళ్ళ దగ్గర.

మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఆగి, ఆ ఇంట్లో ఏ దోషమూ లేదని, చిన్నప్పుడు నేనే అబద్ధం చెప్పానని ఆ మనిషికి చెప్పాను. అతను చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ ఓపిగ్గా విన్నాడు.

"కొనుక్కునేవాళ్ళు అట్టాగే అంటార్లెండి సార్" అన్నాడు.

నేను కొనడం లేదన్నాను. అతను తల ఊపి, చొక్కా అవతలి వైపు తిప్పాడు.