అరువు ఆడపడుచు

ఆ రోజుల్లో నాకు లోకసేవ మీద ఉన్న మోజులో సగం ఉద్యోగం మీద ఉండుంటే ఈపాటికి ఏ బ్యాంకులోనో మేనేజరునై ఉండేదాన్ని. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చుంటే అమ్మ అంట్లు తోమిస్తుందన్న భయంతో (అమ్మ ఇది చదవదులెండి) పెళ్లిళ్లలో మిగిలిన భోజనాలు తెచ్చి పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకి పెట్టే ఒక సంస్థలో చేరాను. దాన్ని నడిపే అక్క మొదటిరోజే నన్ను వన్ టౌన్‌లో ఒక కల్యాణమండపానికి పంపింది. పెళ్లివారి దగ్గరికి టీషర్టులో వెళ్తే బాగుండదు, శుభ్రంగా చీర కట్టుకెళ్లమంది. నాకు ఏదైనా కొంచెం చెప్తే చాలు, అతి చేస్తాను. అమ్మ పట్టుచీర, మూరెడు మల్లెపూలు, చేతినిండా గాజులు. ఖాళీ గుండిగలతో ఆటో బాబాయిని గేటు బయట ఉంచి లోపలికి నడిచాను.

వంటల దగ్గర పెళ్లికూతురి పెదనాన్నగారు కనిపించారు. ఆయన నిశ్చితార్థానికి రాలేదట, కూచిపూడి అవతల ఏదో ఊరి నుంచి ఆ పొద్దున్నే దిగారట, దిగగానే మగపెళ్లివారి మర్యాదలన్నీ ఆయన నెత్తిన పెట్టారట (ఇదంతా నాకు తర్వాత తెలిసింది). నేను వినయంగా, "భోజనాలు ఇంకా ఏమైనా మిగిలాయా అండీ?" అని అడిగాను. ఆయన మొహాన నెత్తురుచుక్క లేదు. ఎంతమాటమ్మా అంటూ నన్ను ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెట్టి, బాదంపాలు తెప్పించి, మాయమయ్యారు. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నా గాజులు చూసి గుసగుసలాడారు. భోజనాలు ఇచ్చేవాళ్లే మనకి ఇంత మర్యాద చేస్తారని అక్క చెప్పనే లేదే అనుకుంటూ అయోమయంగా తాగాను.

ఇంతలో ఆటో బాబాయి ఫోను. ఆసుపత్రి దగ్గర జనం కంచాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారట, ఆ రోజు ఇంకెవరూ తేవడం లేదట, కాసేపట్లో వార్డుల్లోకి వెళ్లిపోవాలట. నేను లేవబోతుంటే పెదనాన్నగారు పరుగున వచ్చి, కొత్త గుండిగ పొయ్యి మీద ఉంది, ఇదిగో వార్చేస్తున్నారని బతిమాలారు. మిగిలింది అడిగితే కొత్తగా వండటమేమిటో నాకు బోధపడలేదు. ఆయన గొంతు తగ్గించి, "ఈ సంగతి మాత్రం మీ అన్నయ్యగారికి చెప్పకండమ్మా" అన్నారు.

మా అన్నయ్య ఆ వేళకి గన్నవరంలో ఎవరి బైకో విప్పుకుని కూర్చుని ఉంటాడు. "వాడికెందుకు చెప్తానండీ?" అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.

అప్పుడు వచ్చింది పెళ్లికొడుకు అసలు చెల్లెలు, కాఫీ ఏదంటూ. పెదనాన్నగారు ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, నా చేతిలో బాదంపాల గ్లాసుని చూశారు. "అయితే మీరెవరమ్మా?" అన్నారు. ఏడుపొక్కటే తక్కువ నాకు. మిగిలిన అన్నం కోసం వచ్చాననీ, ఆసుపత్రి దగ్గర జనం ఆకలితో ఉన్నారనీ ఎలాగో చెప్పాను. తిట్టి పంపేస్తారనే అనుకున్నాను. ఆయన నా పక్కనే కూలబడి, కండువాతో మొహం తుడుచుకున్నారు. "మగపెళ్లివారికి తక్కువైందేమోనని హడలి చచ్చి వండించానమ్మా. చూడబోతే వాళ్లు తిని లేచి కాఫీల దాకా వచ్చారు. ఇంకెవరి కోసం ఇది? పట్టుకెళ్లు" అన్నారు. వెళ్లేటప్పుడు పూర్ణాల బుట్ట కూడా ఆయనే మోసుకొచ్చి ఆటోలో పెట్టారు.

ఆసుపత్రి దగ్గర ఇంకా ఎవరూ కదల్లేదు. మూత తీస్తే అన్నం పొగలు కక్కింది. ఎప్పుడూ చల్లారిందే తినే ఒక మామ్మగారు ముద్ద పట్టుకోలేక వేళ్లు ఊదుకుంటూ, "ఎవరి పెళ్లే తల్లీ ఇది, చేతులు కాలిపోతున్నాయ్" అంది నవ్వుతూ. పెళ్లికూతురి పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు మండపాలకి వెళ్తుంటాను. టీషర్టు వేసుకుని, నేనెవరో ముందే చెప్పి, మిగిలింది తెచ్చుకుంటాను. అంతా పద్ధతిగా జరుగుతుంది, అన్నం చల్లగానే ఉంటుంది. అందుకే బయల్దేరే ముందు ఒక్కోసారి బీరువా తెరిచి, ఆ పట్టుచీర వైపు చూస్తూ కాసేపు నిలబడిపోతుంటాను.