ఒకటి దాటిన గింజలు

నాది పుట్టు అనుమానం. కారు లాక్ చేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి హ్యాండిల్ లాగి చూస్తాను. పాల డబ్బా మీద తేదీ చదివాక వాసన కూడా చూస్తాను. మా ఆయన నన్ను "సీఐడీ గారూ" అని పిలుస్తాడు. అలాంటిదాన్ని ఏరికోరి కొలతల ఉద్యోగంలో పెట్టారు.

ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్ ఊరు దాటాక ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో నా పని. ధాన్యం జారే గొట్టాలు చేసే కంపెనీలు మాకు గింజలు పంపుతాయి. ఉక్కు పలక మీద పడ్డ గింజ ఎలా ఎగురుతుందో కొలిచి చెప్పాలి. సన్నని గొట్టంతో గాలి పీల్చి గింజను పట్టుకుంటాం, గాలి ఆపగానే అది పడుతుంది, హై స్పీడ్ కెమెరా దాని గంతులన్నీ తీస్తుంది. లేచిన వేగాన్ని తాకిన వేగంతో భాగిస్తాం. గాజు గోళీ అయితే జవాబు ఎప్పుడూ ఒకటికి లోపే ఉంటుంది. పడ్డ వేగం కంటే ఎక్కువ వేగంతో ఏ గోళీ లేవదు.

మొక్కజొన్న గింజ గోళీ కాదు కదా. ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు మొన. రెండో గంతు దగ్గర నాకు అప్పుడప్పుడూ ఒకటి దాటిన అంకెలు వచ్చాయి. ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. పలక తుడిచాను, కెమెరా మళ్లీ సరిచేశాను, గింజలు మార్చాను. అయినా అంకెలు దాటుతూనే ఉన్నాయి.

రిపోర్టు మీద నా పేరు కింద సీనియర్ సంతకం ఉండాలి. ఆ సీనియర్ తెనాలి మనిషి, ఆదివారం మా తెలుగు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. నా అంకెలు చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"సిస్టర్, ఒకటి దాటినవి డిలీట్ చేసేయండి. కెమెరా ట్రాకింగ్ ఎర్రర్ అవి."

"ఎర్రర్ అని ఎలా తెలుసు బ్రదర్?"

"మేనేజర్ చూస్తే డేటా కుక్ చేశారంటాడు. మీ హెచ్-వన్ ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయాల్సిన టైమ్ కదా, ఎందుకొచ్చిన గొడవ?"

నా వీసా సంగతి ఆయన నోట వినడం నాకు నచ్చలేదు. ఉద్యోగం పోతే వీసా పోతుందని నాకు ఆయన చెప్పాలా? అది జాగ్రత్తో బెదిరింపో ఆ రాత్రంతా తేల్చుకోలేకపోయాను.

మర్నాడు వెళ్లేసరికి షేర్డ్ డ్రైవ్‌లో ఆ వీడియోలు లేవు. ఒకటి దాటినవే లేవు, మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి. "నా వీడియోలు ఏమయ్యాయో!" అని పైకే అన్నాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "నేనైతే ముట్టుకోలేదు సిస్టర్" అన్నాడు. నేను అడిగానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అప్పట్నుంచి ఆయన కాఫీకి లేచినా నా కళ్లు వెంటే వెళ్లేవి. మేనేజర్‌తో నవ్వుతూ మాట్లాడితే నా గురించేననుకున్నాను. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ ఆయన కళ్లు మూసుకుని వాయిస్తుంటే, ఇంత భక్తి ఉన్నవాడు ఇంత పని చేస్తాడా అని మండిపడ్డాను. ప్రార్థన ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

సోమవారం గింజల మొనల మీద నల్ల మార్కర్‌తో చుక్కలు పెట్టాను. పక్కనుంచి ఇంకో కెమెరా బిగించాను. ఆయన్ని పిలిచి, "కూర్చోండి బ్రదర్, మీ ముందే వేస్తాను" అన్నాను.

కొన్ని మామూలుగానే ఎగిరాయి. తర్వాత మాకు కావాల్సింది పడింది. వీడియో నెమ్మదిగా తిప్పాం. మొదటిసారి అంచు తగిలి గింజ కొంచెమే లేచింది కానీ, నల్ల చుక్క గిర్రున తిరగడం మొదలుపెట్టింది. రెండోసారి ఆ తిరుగుతున్న మొన పలకను తన్నింది. గింజ వచ్చిన వేగం కంటే ఎక్కువ వేగంతో పైకి లేచింది. తిరగడంలో ఉన్న బలమే ఎగరడంలోకి వచ్చింది, అంతే. ఇందులో ఎర్రరూ లేదు, మోసమూ లేదు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆయన మాత్రం స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు.

"ఇవి నాకు తెలుసు సిస్టర్. మీరు జాయిన్ అవ్వకముందు నాకూ వచ్చేవి."

"మరి?"

"ఇక్కడివాళ్లు చూపిస్తే ఇంట్రెస్టింగ్ అంటారు. మనం చూపిస్తే మన డిగ్రీ ఒరిజినలేనా అని చూస్తారని భయం. తీసేసేవాణ్ణి. మీవి కూడా నేనే తీసేశాను. మీకేం కాకూడదనే."

ఒళ్లు మండిపోయింది. నన్ను కాపాడమని ఈయన్ని ఎవరడిగారు? మా ల్యాబ్‌లో అందరూ మెచ్చుకునే ఆ నున్నటి గ్రాఫులన్నీ ఈయనవే. వాటిని నమ్మి ఎందరు గొట్టాలు కట్టుకున్నారో! అంతలోనే ఇంకోటి తట్టి కోపం సగంలో ఆగిపోయింది. నా రిపోర్టు మీద ఈయన సంతకం పెడితే మేనేజర్ మొదట అడిగేది ఒక్కటే: అదే గింజ, నీకెందుకు రాలేదు? ఇన్నేళ్లయినా ఈయన గ్రీన్ కార్డ్ ఇంకా లైన్లోనే ఉంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది.

ఆయన కీబోర్డ్ దగ్గరికి లాక్కుని రిపోర్టు కింద ఏదో టైప్ చేయసాగాడు. నా మీదే ఏమైనా రాస్తున్నాడేమోనని, చెప్పొద్దూ, భుజం మీంచి వంగి చూశాను. ఈ గింజ మీద తాను ఇంతకుముందు ఇచ్చిన రిపోర్టుల్లో ఒకటి దాటిన అంకెలు తానే తొలగించానని, అవన్నీ మళ్లీ కొలవాలని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

"రేపు పంపుదాం బ్రదర్" అన్నాను.

"రేపటికి ఈ ధైర్యం ఉండదు సిస్టర్" అని మేనేజర్‌కి పంపేశాడు.